తలుపు మీది పసుపుపచ్చ చేప

“మీకు పైవాళ్లు గంట టైమిచ్చారండి. అందులో పది నిమిషాలు గుమ్మం బయటే అయిపోయాయి,” అన్నాడు ఇన్‌స్పెక్టర్ శేషావతారం, చేతి గడియారం చూసుకుంటూ. అప్పటికి మంగళవారం పొద్దున పదీ నలభై.

రాజయ్య వరండా గోడ నిండా పరుచుకున్న సముద్రాన్ని చూస్తున్నాడు. పుప్పాలగూడ చెరువు పక్కనున్న ఆ బంగ్లాకు అసలు సముద్రం రెండు వందల మైళ్ల దూరం. అయినా ఊరంతా దాన్ని సముద్రం బంగ్లా అనే పిలుస్తుంది. నీలిమందుతో వేసిన అలలు జడలల్లినట్టు మెలికలు తిరిగి ఉన్నాయి. ఓడకు ఎడ్లబండి చక్రాలున్నాయి. ఎండ్రకాయ కాళ్లకు కడియాలున్నాయి. చేపలన్నీ పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాయి.

ఆ బొమ్మలు వేసింది బంగ్లా కనిపెట్టుకుని ఉండే పోచమ్మ. యజమాని, వకీలు వెంకటనారాయణ, ఆరేళ్ల కింద కుటుంబంతో బందరు వెళ్తూ వంటకని ఆమెను తీసుకెళ్లాడు. మూడు రోజులు సముద్రం చూసి వచ్చిన మనిషి ఇక ఊరుకోలేకపోయింది. సున్నం వేసే కుంచె పట్టుకుని గోడలన్నీ నింపేసింది. గోడలు చాలక కిటికీ రెక్కలు, తలుపులు, కుండల మీది మూతలు కూడా వదల్లేదు. పట్నం నుంచి సెలవులకు వచ్చి వారం కిరాయికి దిగే కుటుంబాలు మొదట నవ్వేవి. తర్వాత పిల్లల పోరు పడలేక ఆ బొమ్మల కోసమే మళ్లీ వచ్చేవి.

ఆదివారం పొద్దున నుంచి పోచమ్మ రెండు మైళ్ల అవతలి ఠాణాలో కటకటాల వెనుక ఉంది. బంగ్లాలో కిరాయికి దిగిన సర్వే గుమాస్తా ఐలయ్యకు విషం పెట్టి చంపిందని కేసు.

“మాది బందరు పక్క ఊరేనండి. పళ్లికిలించే చేపని నేనెప్పుడూ చూళ్లేదు,” అన్నాడు శేషావతారం. “పిచ్చి ముదిరితే మనుషులు ఏదైనా చేస్తారు.”

పోలీసు చర్య జరిగి ఆరు నెలలైంది. పాత సర్కారు పోలీసుల మీద నమ్మకం లేక మద్రాసు వైపు నుంచి దింపిన అధికారుల్లో శేషావతారం ఒకడు. రాజయ్య ఆ పాత సర్కారులోనే ఇరవై ఆరేళ్లు జమేదారుగా పనిచేశాడు. దొంగ పంచనామా మీద దస్కతు చేయనన్నందుకు బెల్టు విప్పి ఇంటికి పంపారు. అప్పటినుంచి ఎవరైనా వచ్చి అడిగితే వాళ్ల తరఫున కేసులు చూస్తున్నాడు. ఈసారి అడిగింది పోచమ్మ కూతురు భూలక్ష్మి. సోమవారం ఇంకా తెల్లవారకముందే నడుచుకుంటూ వచ్చి అతని గుమ్మంలో కూర్చుంది.

ముందు గదిలో ముగ్గురినీ ఒకచోట చేర్చి అడగడం మొదలుపెట్టాడు. వకీలు వెంకటనారాయణ కుర్చీలో, ఇరవై ఏళ్ల భూలక్ష్మి గోడవార నేల మీద, శేషావతారం నిలబడే.

భూలక్ష్మి చెప్పింది సూటిగా ఉంది. ఐలయ్య బుధవారం వచ్చాడు. సెలవు మీద వచ్చానన్నాడుగానీ రోజూ పొద్దున గొలుసు పట్టుకుని చెరువు నీళ్లు పరుచుకునే శిఖం భూమి కొలిచేవాడు. నల్ల అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. శనివారం రాత్రి ఎనిమిదింటికి జొన్నరొట్టె, చేపల పులుసు తిన్నాడు. అదే కుండలోది తల్లీ కూతుళ్లు కూడా తిన్నారు. తొమ్మిదింటికి గది తలుపు వేసుకుని గడియ పెట్టుకున్నాడు. పొద్దున ఆరైనా తీయకపోతే పోచమ్మే మనిషిని ఠాణాకు పంపింది.

“మీరు తినంది, ఆయన తిన్నది ఏమన్న ఉన్నదా బిడ్డా?” అని అడిగాడు రాజయ్య.

“మిఠాయి తిన్నడు సారు. కిరాయికి వచ్చినోళ్లకు పట్నం నుంచి డబ్బా వస్తది గద. శనారం పగటీలి టాంగ ఎల్లేశం తెచ్చిండు. మాకిస్తనన్నడు గని అమ్మ ఒద్దన్నది.”

వెంకటనారాయణ తొణకలేదు. తెల్లటి షేర్వానీ గుండీలు సవరించుకుంటూ, ఎవరు దిగినా వాళ్లకు డబ్బా పంపడం తన అలవాటని, మొజంజాహీ మార్కెట్ దగ్గర కొని ఎల్లేశం చేతికిస్తారని, దారిలో ఎంతమంది చేతులు పడతాయో తనకు తెలియదని చెప్పాడు. శనివారమంతా తను పట్నంలోనే ఉన్నాడట. ఆదివారం ఎనిమిదిన్నరకు కబురందింది, తొమ్మిదింటికి కారులో వచ్చాడు. అప్పటికి శవాన్ని తీసుకుపోయారు, ఇన్‌స్పెక్టర్ ఇంటికి లక్క ముద్ర వేయిస్తున్నాడు.

“మళ్ల ఎప్పుడొచ్చిన్రు?”

“ఇగో, ఇప్పుడు మీతోనే. ముద్ర వేసినంక నాకేం పని రాజయ్య గారూ?”

భూమి కొలతల సంగతి అడిగితే, ఐలయ్య సర్వే మనిషని కూడా తనకు తెలియదన్నాడు. పోచమ్మను పదేళ్లుగా ఎరుగుదునని, ఇట్లా చేస్తుందని కలలో కూడా అనుకోలేదని, చేతనైతే ఆమెను బయటికి తెమ్మని అన్నాడు. గొంతులో నిజమైన బాధే వినిపించింది.

అప్పుడు శేషావతారం తన ఆధారం బయటపెట్టాడు. ఐలయ్య కడుపులో పాషాణం ఉందని ఆదివారం మధ్యాహ్నమే డాక్టరు తేల్చాడు. సోమవారం మూడింటికి ముద్ర విప్పి ఐలయ్య గది తలుపు మీది చేప బొమ్మ నుంచి పసుపురంగు గీకి పంపితే అది హరిదళమని తేలింది. హరిదళమంటే పాషాణం జాతిదే. రంగుల పేరుతో విషం ఇంట్లో పెట్టుకుంది, దాన్నే పులుసులో కలిపి అతని పళ్లెంలో పోసింది, ఇదీ ఇన్‌స్పెక్టర్ వాదన.

“ఆ రంగు గీకి చూడమని మీకెట్ల తోచింది?” అన్నాడు రాజయ్య.

“నా బుర్రకి తోచిందండి. మీ పాత పద్ధతుల్లో అయితే ముసలిదాన్ని నాలుగు తన్ని ఒప్పించేవారు. మేం పరీక్ష చేయిస్తాం.”

ఆ మాటలో అబద్ధం లేదు, అందుకే రాజయ్యకు ఎక్కువ గుచ్చుకుంది.

భూలక్ష్మి నేల మీది నుంచి లేచి, ఆ చేపకు తన తల్లి పసుపు వేయలేదని, తెల్లగా వదిలేసిందని చెప్పింది. కూతురి మాట సాక్ష్యం కాదని శేషావతారం కొట్టిపడేశాడు. రాజయ్య మాత్రం ఆమెను పక్కకు పిలిచి, ఠాణాకు వెళ్లి తల్లిని ఒక్క సంగతి అడిగి రమ్మన్నాడు. ఏ బొమ్మకు ఏ రంగు దేనితో చేసిందో, ఒక్కటి కూడా మరిచిపోకుండా చెప్పమనాలి. ఆమె పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఎప్పుడు తిన్నావని అడిగితే శనివారం రాత్రి అంది.

వెంకటనారాయణ లేచాడు. తను కూడా అటే వెళ్తున్నానని, ఎండలో పిల్ల నడవడమెందుకు, కారులో దించుతానని అన్నాడు. అప్పుడు పదకొండూ పది. రాజయ్య తనే కారు తలుపు తీసి ఆమెను ఎక్కించాడు.

కారు పోయాక ఐలయ్య గదిలోకి వెళ్లాడు. మంచం, కుర్చీ, గూటిలో లాంతరు. పరుపు లేదు. నల్ల అట్ట పుస్తకం లేదు. మిఠాయి డబ్బా కూడా లేదు. డబ్బా ఏమైందని అడిగితే, ఆదివారం పొద్దున తను చూసినప్పుడు కుర్చీ మీద ఏదో రేకు డబ్బా ఉన్నట్టు గుర్తని శేషావతారం తలగోక్కున్నాడు. పులుసులో విషమని అనుకున్నాడు కనుక దాన్ని పట్టించుకోలేదు.

రాజయ్య మోకాళ్ల మీద కూర్చుని కుర్చీ కింది బండల సందులు చూశాడు. చీమలు. వరుసగా గోడ వైపు వెళ్తూ మధ్యలోనే ఆగిపోయిన చీమలు. వేలితో తాకితే ఒక్కటీ కదల్లేదు. సందులో గోధుమరంగు ముక్క, గోరంత. నెయ్యి వాసన.

“పులుసు కుండ కాడ చీమలు సచ్చినయా?” అన్నాడు తలెత్తకుండానే.

శేషావతారం వంగి చూశాడు. జేబురుమాలు తీసి, ఆ ముక్కనూ చీమలనూ తనే జాగ్రత్తగా ఎత్తి మడిచిపెట్టుకున్నాడు. మనిషి మొండివాడేగానీ పని తెలిసినవాడని రాజయ్యకు అప్పుడు అనిపించింది.

తర్వాత రాజయ్య తన పాన్‌దాన్ తెరిచాడు. వేలికి తడి సున్నం తీసుకుని కిటికీ రెక్క మీద పసుపుపచ్చని సూర్యుడికి రాశాడు. క్షణంలో అక్కడ పారాణిలా ఎర్రబడింది. వంటింటి కర్ర మూత మీద పసుపుపచ్చని కోడిపుంజు ఓడ తెరచాప మీద నిలబడి ఉంది. దానికి రాశాడు, ఎర్రబడింది. ముందు గది తలుపు మీద దోసకాయంత కళ్లున్న తాబేలుకు రాశాడు, అదీ ఎర్రబడింది.

“ఇది వంటింటి పసుపు, తుమ్మబంకల కలిపింది. సున్నం తగిలితే ఎర్రగైతదని పోచమ్మకు తెలుసు. అందుకే సున్నం గోడల మీద ఎక్కడ పసుపు ముట్టియ్యలే, కర్ర మీదనే పెట్టింది. హరిదళం ఆమె ఎన్నడన్న కొన్నదా, ఈ ఇంట్ల ఒక్క పొట్లమన్న దొరికిందా?”

దొరకలేదని శేషావతారం ఒప్పుకోవలసి వచ్చింది. రాజయ్య ఐలయ్య గది తలుపు దగ్గరికి వచ్చి చేప తోక మీద సున్నం రాశాడు. రంగు మారలేదు. నిమిషం ఆగాడు. పసుపుపచ్చగానే ఉంది.

“అదే నేను చెప్పేది. ఇది హరిదళం. ఒక్క బొమ్మకే వాడింది.”

“ఈ తలుపు మీరే పలగొట్టించిన్రు గదా. ఎన్నిగంటలకు?”

“ఆదివారం ఆరూ నలభై. గడ్డపార పెట్టించాను.”

“పోచమ్మకు బేడీ ఎప్పుడేసిన్రు?”

“అప్పుడే. తలుపు తీయగానే శవం కనిపించింది. మా జవాను ఆవిణ్ణి వరండాలో స్తంభానికి కట్టేశాడు. ఏడున్నరకి ఠాణాకి పంపాం.”

రాజయ్య పక్కకు తప్పుకుని తలుపు చూపించాడు. గడ్డపార దెబ్బకు గడియ దగ్గర మొదలైన పగులు చేప పొట్ట మధ్యగా కిందికి పాకింది. చీలిన చోట కర్ర లోపల కొత్తగా, తెల్లగా ఉండాలి. అక్కడ తెల్లగా లేదు. పసుపురంగు పగులు లోపలికి దిగి, పేళ్ల అంచులకు అంటుకుని ఎండిపోయింది.

శేషావతారం చాలాసేపు చూశాడు. వేలు పెట్టి తడిమాడు. పగిలాక పూసిన రంగు. పూసినప్పుడు పోచమ్మ చేతులకు బేడీలున్నాయి.

“ముద్ర మీది. తాళంచెవి మీది,” అన్నాడు రాజయ్య. “ఆదివారం తొమ్మిదింటి సంది సోమవారం మూడింటి దాక ఈ ఇంట్లకు ఎవరొచ్చిన్రు?”

“మీరు నన్నంటున్నారా?”

“అడుగుతున్న.”

ఇన్‌స్పెక్టర్ ముఖం నల్లబడింది. రాజయ్య మీద ఫిర్యాదు రాస్తానన్నాడు, పాత సర్కారు ఉప్పు తిన్నవాళ్లకు అందరూ దొంగల్లానే కనిపిస్తారన్నాడు. రాజయ్య అతన్ని అననిచ్చాడు. తర్వాత అదే ప్రశ్న, అదే గొంతుతో మళ్లీ అడిగాడు. శేషావతారం కిటికీ దగ్గరికి నడిచి వెళ్లి అటు తిరిగి నిలబడ్డాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి వకీలు ఠాణాకు వచ్చాడట. పీనుగు పడుకున్న పరుపు ఇంట్లో ఉంటే అరిష్టమని, తీసి కాల్పించుకుంటానని అడిగాడు. పెద్దమనిషి కదా అని జమేదారు మొగిలిని తోడిచ్చి తాళం, ముద్ర పంపాడు. మొగిలి గుమ్మం బయట ఉన్నాడు. వకీలు లోపల అరగంట ఉన్నాడు. పరుపు చుట్ట కారులో వేసుకుని పోయాడు.

“మరి నాతోని ఆదివారం పొద్దున తర్వాత రాలేదన్నడు. మీరు పక్కనే ఉన్నరు.”

“విన్నానండి. చిన్న విషయం, మర్చిపోయి ఉంటాడనుకున్నాను.” వినపడీ వినపడకుండా అన్నాడు: “రంగు గీకి చూడమని చెప్పింది కూడా ఆయనే.”

మిగిలింది చెప్పడానికి ఎక్కువ మాటలు పట్టలేదు. బంగ్లా, దాని చుట్టూ ఉన్న నలభై ఎకరాలు వకీలు తన పట్టా అంటున్నాడు. అదంతా సర్కారుకు చెందే చెరువు శిఖమని ఐలయ్య పుస్తకంలో కొలతలతో సహా ఎక్కి ఉంటుంది. కొత్త సర్కారు భూముల లెక్క తీస్తున్న రోజులు. పుస్తకమూ డబ్బా పరుపులో చుట్టుకుపోయాయి. మనిషి నోరు మూతపడింది. నేరం మోయడానికి ఒక పిచ్చి బొమ్మల ముసలిది దొరికింది.

“ఆయనను పట్టుకోవాలె. ఠాణా కాడ పిల్లను దించినంక ఎటు పోతడు?”

“ఠాణాలోకేనండి.” శేషావతారం ఇటు తిరిగాడు. “ముద్దాయికి ఇంటి అన్నం పెట్టించడానికి పొద్దున నా దగ్గర పర్మిషన్ తీసుకున్నాడు. క్యారియరు కారులోనే ఉంది.”

రాజయ్య అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

ముద్దాయి లాకప్పులో పాషాణం తిని చచ్చిందంటే నేరం ఒప్పుకున్నట్టే. కేసు అక్కడితో మూసేస్తారు. జీపు బండరాళ్ల మధ్య బాటలో ఎగిరెగిరి పడుతుంటే రాజయ్య కమ్మీ పట్టుకుని ఆ ఒక్క సంగతే ఆలోచించాడు. కారు తలుపు తను తీశాడు. పిల్లను తను ఎక్కించాడు. ఠాణా ముందు ఆగేటప్పటికి పన్నెండూ ఇరవై ఐదు. కారు లేదు.

పోచమ్మ కటకటాల వెనుక గోడకానుకుని కూర్చుని ఉంది. ఆమె ముందు ఇత్తడి క్యారియరు గిన్నెలు మూడు, మూడూ ఖాళీ. ఆమె వేళ్లకు ఇంకా నీలిమందు మరకలున్నాయి.

“తిన్నవా పోచమ్మా?” రాజయ్య కమ్మీలు పట్టుకుని అడిగాడు.

ఆమె లేదని తల ఊపింది. ఎవరో తెలియని మనిషి ఇంత ఆదుర్దాగా అడుగుతుంటే భయపడింది. తనే రాజయ్యనని చెప్పుకుంటే ముఖం కాస్త విప్పారింది, చేతులు జోడించింది.

“నువ్వేనా అయ్యా. నీ పేరు చెప్పుకొని బతుకుతం. నువ్వే అన్నం పంపినవని వకీల్ సాబ్ చెప్పిండు. నాకు ముద్ద దిగలే. పిల్ల రెండొద్దుల సంది ఉపాసమున్నది, కమ్మీలల్లకెళ్లి నేనే తినవెట్టిన. కడుపుల మండుతున్నదని బాయికాడికి పోయింది.”

భూలక్ష్మి వెనక బావి గట్టు మీద రెండు చేతులూ ఆనించి వంగి ఉంది. కాళ్ల దగ్గర కక్కు. తలెత్తి రాజయ్యను చూసి ఏదో చెప్పబోయింది, మళ్లీ వంగిపోయింది. పెదాలు నీలమయ్యాయి. రాజయ్య ఉప్పునీళ్లు తెమ్మని జవానును పురమాయించి, గ్లాసు వెంట గ్లాసు తాగించి, వేళ్లు గొంతులో పెట్టి కక్కించాడు. ఆమె ఒళ్లు చెమటతో జారిపోతోంది. మూడో గ్లాసుకు ఆమె గొంతు మింగడం మానేసింది. ఎత్తుకుని జీపు దగ్గరికి తెచ్చాడు.

శేషావతారం అక్కడే ఉన్నాడు, చేతిలో ఠాణా రోజువారీ పుస్తకం తెరిచి పట్టుకుని. చదవమని ముందుకు చాపాడు. సిరా ఇంకా కొత్తగా ఉంది.

పగలు పదకొండూ ముప్పై ఐదు. ముద్దాయి పోచమ్మకు భోజనం. వండించి పంపినవారు మాజీ జమేదారు రాజయ్య. తెచ్చి ఇచ్చినవారు వకీలు వెంకటనారాయణ. కింద వకీలు దస్కతు, దాని కింద ఠాణా రైటరు దస్కతు.

“మిమ్మల్ని నమ్ముతున్నానండి,” అన్నాడు శేషావతారం. “కానీ ఇది నా ఠాణా పుస్తకం. ఆయన ఇప్పటికే పట్నం చేరి ఈ అన్నం మీరు పంపిందేనని పెద్దాఫీసులో చెప్పేసి ఉంటాడు. ఇప్పుడు వదిలితే, ఆయనకి తాళమిచ్చినవాణ్ణీ, మిమ్మల్ని వదిలినవాణ్ణీ నేనే అవుతాను. రేపు ఆయన మీద నేను చెప్పే ఒక్క మాట కూడా ఎవరూ నమ్మరు.”

రాజయ్య పిల్లను వెనక సీటులో పడుకోబెట్టి, తల తన ఒళ్లోకి తీసుకుని, ఎడమచెయ్యి బయటికి చాపాడు. ఇన్‌స్పెక్టర్ తనే బేడీ వేశాడు. రెండో కొస జీపు కమ్మీకి తగిలించాడు. తర్వాత లోపలికి వెళ్లి లాకప్పు తాళం తీసి, ఎవరినీ అడక్కుండా, పోచమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కూతురి పక్కన కూర్చోబెట్టాడు. దవాఖానకు పదకొండు మైళ్లు. డ్రైవరును లేపి స్టీరింగు తనే పట్టుకున్నాడు.

పోచమ్మకు అప్పటికి అంతా అర్థమైంది. ఏడవలేదు. కూతురి పాదాలు చేతుల్లోకి తీసుకుని రుద్దుతోంది.

“ఎన్ని ముద్దలు తిన్నది?” అడిగాడు రాజయ్య. డాక్టరు మొదట అడిగేది అదే.

“మొత్తం అయ్యా,” అంది పోచమ్మ. “చాలన్నది. నేనే ఇంకో ముద్ద, ఇంకో ముద్ద అని పెట్టిన.”